హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి కరోనా సోకితే: ముందు నుంచి కోలుకునే దాకా చేయవలసిన పనులు

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో కరోనా గురించి రెండు నమ్మకాలు బలంగా పాతుకుపోయాయి. ఒంట్లో ముందే ఒక వైరస్ ఉంది కాబట్టి రెండోది కూడా సోకితే ఇక బతకడం కష్టమన్నది ఒకటి. వైరస్‌ను అణిచే మాత్రలు రోజూ వేసుకుంటూనే ఉన్నాం కాబట్టి కరోనా మన జోలికి రాదన్నది రెండోది. ఈ రెండూ తప్పే. మొదటిది మనిషిని భయంతో కుంగదీసి పరీక్షకు కూడా వెళ్లనివ్వదు. రెండోది అవసరమైన జాగ్రత్తను సడలిస్తుంది. హెచ్‌ఐవీని అణిచే మందులు (ఏఆర్‌టీ) క్రమం తప్పకుండా వాడుతూ, వైరల్ లోడ్ (రక్తంలో హెచ్‌ఐవీ ఎంత ఉందన్న లెక్క) అదుపులో ఉండి, సీడీ4 కణాలు (రోగనిరోధక శక్తికి ఆధారమైన తెల్లరక్తకణాలు) తగినన్ని ఉన్నవారికి కరోనా వచ్చినా చాలామంది మిగతా అందరిలాగే ఇంట్లోనే కోలుకుంటారు. అసలు ముప్పు మందులు మొదలుపెట్టనివారికి, మధ్యలో మానేసినవారికి, సీడీ4 బాగా పడిపోయినవారికి, వీటికి తోడు మధుమేహం, అధిక రక్తపోటు, కిడ్నీ జబ్బు, క్షయ వంటివి ఉన్నవారికి ఎక్కువ.

ఈ తేడాను కొట్టిపారేయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 24 దేశాల ఆసుపత్రుల నుంచి వచ్చిన సమాచారాన్ని పరిశీలించి, కరోనాతో ఆసుపత్రిలో చేరినవారిలో హెచ్‌ఐవీ ఉన్నవారికి మరణించే ముప్పు వయసును, ఇతర జబ్బులను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా సుమారు 30 శాతం ఎక్కువని తెలిపింది. ఆ సమాచారంలో అత్యధిక భాగం దక్షిణాఫ్రికాది. అయితే ఈ ముప్పులో చాలా భాగాన్ని తగ్గించే పనులు మన చేతుల్లోనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం జ్వరం రాకముందే చేసుకోవలసినవి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

మొదటి పని: మీ రెండు అంకెలు తెలుసుకోండి

మీ చివరి వైరల్ లోడ్ ఎంత, చివరి సీడీ4 కౌంట్ ఎంత, ఆ పరీక్షలు ఏ నెలలో చేశారు అన్నవి మీకు చూడకుండా చెప్పగలిగేంతగా గుర్తుండాలి. గుర్తు లేకపోతే మీ చికిత్స పుస్తకం తెరిచి చూడండి. అందులోనూ లేకపోతే ఈసారి మందులకు వెళ్లినప్పుడు అడిగి రాయించుకోండి. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడని స్థాయిలో ఉంటే మందులు బాగా పనిచేస్తున్నట్లు లెక్క. సీడీ4 కౌంట్ ఒక మైక్రోలీటరు రక్తంలో 200 కన్నా తక్కువగా ఉంటే రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నట్లు లెక్క. అలాంటివారు టీకా మోతాదుల విషయంలోనూ, ఇంట్లో విడిగా ఉండవలసిన రోజుల విషయంలోనూ, జ్వరం వచ్చినప్పుడు చేయించుకోవలసిన పరీక్షల విషయంలోనూ మిగతావారికన్నా భిన్నంగా నడుచుకోవాలి. కింద చెప్పబోయే చాలా సంగతులు ఈ 200 అనే గీతకు ఇవతల ఉన్నారా, అవతల ఉన్నారా అన్నదాన్ని బట్టి మారతాయి.

రెండో పని: ఏఆర్‌టీ మాత్రలు ఒక్క రోజు కూడా ఆగకుండా చూసుకోండి

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే, ఈ మాటే గుర్తుపెట్టుకోండి. కరోనా వచ్చినప్పుడు హెచ్‌ఐవీ ఉన్నవారు ఎక్కువగా నష్టపోయేది మాత్రలు ఆగిపోవడం వల్ల. రాకపోకలు ఆగిపోయి కొందరికి, ఇంట్లో అందరూ ఎప్పుడూ పక్కనే ఉండటంతో మాత్ర రహస్యంగా వేసుకునే వీలు లేక కొందరికి, ఆసుపత్రిలో చేరినప్పుడు ఎవరూ అడగక, తామూ చెప్పక మరికొందరికి మందు తప్పిపోతుంది. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న దేశాల్లో ఏఆర్‌టీ సరఫరా ఆరు నెలలపాటు ఆగిపోతే ఎయిడ్స్ సంబంధిత మరణాలు 5 లక్షలకు పైగా పెరగవచ్చని 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్‌ఎయిడ్స్ ఒక అంచనాలో హెచ్చరించాయి. అది గణితంతో వేసిన అంచనాయే గాని జరిగిన లెక్క కాదు. అయినా మందు ఆగడం ఎంత పెద్ద విషయమో దాన్నిబట్టి తెలుస్తుంది.

అందుచేత ఇంట్లో కనీసం 30 రోజుల మందు ఎప్పుడూ అదనంగా ఉండేలా చూసుకోండి. నిలకడగా ఉన్నవారికి ఒకేసారి 3 నుంచి 6 నెలల మందులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే సూచిస్తోంది కాబట్టి, ప్రతి నెలా తిరుగుతున్నవారు మీ కేంద్రంలో ఈ సంగతి మొహమాటపడకుండా అడగండి. సీసాలో చివరి పది మాత్రలు మిగిలాక తిరగడం మొదలుపెడితే, సరిగ్గా ఆ వారంలోనే జ్వరం వచ్చి మంచాన పడవచ్చు. మీకు బదులుగా మందులు తెచ్చిపెట్టగల మనిషిని కూడా ఇప్పుడే ఒకరిని అనుకుని పెట్టుకోండి. ఆ మనిషికి మీ సంగతి తెలిసి ఉండాలి, లేదా మీ ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలర్‌తో మాట్లాడి వేరే ఏర్పాటు చేసుకోవాలి.

హెపటైటిస్ బి కూడా ఉన్నవారికి ఇంకో హెచ్చరిక అవసరం. మీరు వేసుకునే టెనోఫోవిర్, లామివుడిన్ మందులు ఆ రెండు వైరస్‌ల మీదా పనిచేస్తాయి. వాటిని హఠాత్తుగా మానేస్తే హెపటైటిస్ బి విజృంభించి కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చు.

ఇతర ఇన్‌ఫెక్షన్లు సోకకుండా ఇచ్చే కో-ట్రైమోక్సజోల్ మాత్రలు, క్షయ రాకుండా ఇచ్చే మందులు వాడుతున్నవారు కరోనా వచ్చిన రోజుల్లో కూడా వాటిని అలాగే కొనసాగించాలి. "ఇన్ని మాత్రలు కడుపులో పడితే తట్టుకోలేం" అని వీటిని సొంతంగా పక్కన పెట్టవద్దు.

మూడో పని: ఒక కాగితం రాసి కవరులో పెట్టుకోండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని, ఆయాసంతో మాట పెగలని వేళ మీ తరఫున మాట్లాడేది ఈ కాగితమే. ఒక తెల్ల కాగితం తీసుకుని మీరు వేసుకునే ప్రతి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఏ వేళకు అన్నది స్పష్టంగా రాయండి. మందు పేరు గుర్తులేకపోతే సీసా మీద ఉన్నది ఉన్నట్టుగా దించుకోండి లేదా సీసాకు ఫొటో తీసి పెట్టుకోండి. "తెల్లటి పొడుగు మాత్ర" అంటే ఏ డాక్టరుకూ అర్థం కాదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, మూర్ఛ, గర్భనిరోధకం వంటి వాటికి వాడే మందులనూ, బలం కోసమని వాడే విటమిన్లనూ, మూలికా మందులనూ కూడా అందులోనే చేర్చండి. పడని మందులు ఏవైనా ఉంటే రాయండి. చివరి వైరల్ లోడ్, సీడీ4, వాటి తేదీలు, మీ ఏఆర్‌టీ కేంద్రం ఫోన్ నంబరు, మీరు నమ్మే ఒక మనిషి నంబరు కింద రాయండి. కాగితం రాసిన తేదీ కూడా వేయండి.

దాన్ని వారం రోజుల మాత్రలతో కలిపి ఒక కవరులో పెట్టి, ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చినప్పుడు చేతికి అందే చోట ఉంచండి. ఇంట్లో వాళ్లకు తెలియకూడదనుకుంటే కవరు అంటించి, "డాక్టరుకు మాత్రమే" అని పైన రాయండి.

నాలుగో పని: టీకా

కరోనా టీకాల్లో విస్తృతంగా వాడుకలో ఉన్న రకాలేవీ శరీరంలో పెరగగల బతికిన వైరస్‌తో చేసినవి కావు. అందుచేత సీడీ4 తక్కువగా ఉన్నవారు సైతం వీటిని వేయించుకోవచ్చు. టీకా వేసుకుంటే హెచ్‌ఐవీ ముదురుతుందన్న భయానికి ఆధారం లేదు. టీకా వల్ల హెచ్‌ఐవీ వస్తుందన్న పుకారుకు మాత్రం ఒక కారణం ఉంది: ఆస్ట్రేలియాలో ఒక విశ్వవిద్యాలయం తయారుచేసిన ప్రయోగ దశ టీకాలో హెచ్‌ఐవీకి చెందిన ప్రొటీన్‌లోని హాని చేయని చిన్న ముక్కను వాడగా, ప్రయోగంలో పాల్గొన్నవారికి హెచ్‌ఐవీ లేకున్నా కొన్ని పరీక్షల్లో ఉన్నట్లు చూపించింది. వారికి హెచ్‌ఐవీ సోకలేదు. 2020 డిసెంబరులో ఆ టీకాను ఆపేశారు, అది ప్రజలకు ఎప్పుడూ అందలేదు.

సీడీ4 కౌంట్ 200 కన్నా తక్కువ ఉన్నవారు, వైరల్ లోడ్ అదుపులో లేనివారు, ఏఆర్‌టీ ఇంకా మొదలుపెట్టనివారు, అవకాశవాద సంక్రమణలతో, అంటే రోగనిరోధక శక్తి తగ్గడం చూసి పైబడే జబ్బులతో, బాధపడుతున్నవారు ఒక అదనపు మోతాదు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఇలాంటివారి శరీరం మామూలు మోతాదులకు తగినంత స్పందించకపోవడమే దీనికి కారణం. మీరు ఈ కోవలోకి వస్తారో లేదో, చివరి మోతాదు వేసుకుని ఎన్నాళ్లయిందో చూసుకుని, ఇప్పుడు మళ్లీ వేయించుకోవాలా అన్నది మీ డాక్టరును అడగండి.

ఐదో పని: జ్వరం, దగ్గు మొదలైతే ఒక్క కరోనా పరీక్షతో సరిపెట్టుకోవద్దు

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగే చోటు ఇదే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం. లక్షణాలు కనిపించిన రోజే కరోనా పరీక్ష చేయించుకోండి. వైరస్‌ను అణిచే మందులు మొదటి ఐదు రోజుల్లోనే మొదలుపెట్టాలి కాబట్టి "రేపటికి తగ్గుతుందేమో" అని చూడవద్దు. ఇంట్లో చేసుకునే ర్యాపిడ్ పరీక్షలో లేదని వచ్చినా లక్షణాలు కొనసాగుతుంటే రెండు రోజుల తర్వాత మళ్లీ చేయండి, లేదా ఆర్‌టీపీసీఆర్ చేయించుకోండి.

అయితే హెచ్‌ఐవీ ఉన్నవారిలో జ్వరం, దగ్గు, ఆయాసం అనే ఈ మూడింటికీ కరోనా ఒక్కటే కారణం కాదు. క్షయలో దగ్గు, జ్వరం చాలా రోజులు సాగుతాయి, రాత్రిళ్లు ఒళ్లు తడిసేలా చెమటలు పడతాయి, బరువు తగ్గుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ప్రస్తుతం దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం అనే నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా క్షయ పరీక్ష చేయాలన్నది ఎప్పటి నుంచో ఉన్న నియమం. ఇక సీడీ4 200 కన్నా తక్కువ ఉన్నవారిలో న్యుమోసిస్టిస్ అనే శిలీంధ్రం వల్ల ఒక రకం న్యుమోనియా వస్తుంది. అది పొడి దగ్గుతో, మెట్లెక్కితే వచ్చే ఆయాసంతో సాధారణంగా కొన్ని వారాల పాటు మెల్లగా ముదురుతుంది. కరోనా అయితే ఎక్కువగా కొద్ది రోజుల్లోనే బయటపడి, వాసన, రుచి పోవడం, ఒళ్లు నొప్పులు, గొంతునొప్పి వంటివాటితో కలిసి వస్తుంది. ఛాతీ స్కానింగ్‌లో మాత్రం ఆ న్యుమోనియా, కరోనా రెండూ ఊపిరితిత్తులకు ఇరువైపులా మసక అద్దంలాంటి మచ్చలతో ఒకేలా కనిపించవచ్చు. స్కానింగ్ చూసి ఇది కరోనాయే అని తేల్చేసి, పరీక్షలో కరోనా లేదని వచ్చినా అదే చికిత్స కొనసాగిస్తే ఆ న్యుమోనియాకు వాడవలసిన కో-ట్రైమోక్సజోల్ అందకుండా పోతుంది. పైగా ఒకే మనిషికి కరోనా, క్షయ రెండూ ఒకేసారి ఉండవచ్చు.

కాబట్టి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఇలా చెప్పండి: "నాకు హెచ్‌ఐవీ ఉంది, సీడీ4 ఇంత, దగ్గు మొదలై ఇన్ని రోజులయింది, బరువు ఇంత తగ్గాను. కరోనాతో పాటు క్షయకు కూడా కళ్లె పరీక్ష చేయించమంటారా?" ఈ ఒక్క ప్రశ్న మీ చికిత్స దారినే మార్చవచ్చు. దగ్గుతో పాటు తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, మగతగా ఉండటం వంటివి ఉంటే మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ సోకి ఉండవచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే వెళ్లాలి.

ఆరో పని: ఇంట్లోనే ఉండి చూసుకునేటప్పుడు

పరీక్షలో కరోనా ఉందని తేలి, ఆయాసం లేకుండా ఉంటే గాలి, వెలుతురు ఉన్న గదిలో విడిగా ఉండి, నీళ్లు బాగా తాగుతూ, విశ్రాంతి తీసుకోండి. జ్వరానికి, ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ చాలు. పెద్దవారు ఒకసారికి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య కనీసం ఆరు గంటల తేడాతో వేసుకోవచ్చు, 24 గంటల్లో 4000 మిల్లీగ్రాములు ఎట్టి పరిస్థితుల్లోనూ దాటకూడదు. బరువు బాగా తక్కువ ఉన్నవారు, కాలేయ జబ్బు ఉన్నవారు ఇంకా తక్కువ వాడాలి, ఎంతో డాక్టరును అడగాలి. జలుబుకు, జ్వరానికి అమ్మే చాలా మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది కాబట్టి అట్ట మీద ఏం రాశారో చదవండి.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు ఉంటే రోజుకు మూడుసార్లు చూసి రాసుకోండి. చూసే ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి, చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని వెచ్చచేసుకోండి, గోళ్ల రంగు ఉంటే తుడిచేయండి. పరికరం పెట్టగానే కనిపించే మొదటి అంకెను కాకుండా, అర నిమిషం పైగా ఆగి అంకె నిలకడగా నిలిచాక దాన్ని రాయండి. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో ఈ పరికరం ఉన్నదానికన్నా ఒకటి రెండు అంకెలు ఎక్కువ చూపించవచ్చని గుర్తుంచుకోండి. 94 కన్నా తగ్గితే డాక్టరుకు వెంటనే ఫోన్ చేయండి. 90 కన్నా తగ్గితే ఇక ఫోన్ల మీద ఆధారపడకుండా ఆసుపత్రికి బయలుదేరండి. కూర్చున్నప్పుడు 96 ఉండి, గదిలో ఆరు నిమిషాలు అటూ ఇటూ నడిచాక 92కు పడితే అది మంచి సూచన కాదు. న్యుమోసిస్టిస్ న్యుమోనియాలోనూ ఇలాగే నడిస్తే పడుతుంది కాబట్టి సీడీ4 తక్కువ ఉన్నవారు ఈ నడక పరీక్ష తప్పక చేసుకోవాలి. అప్పటికే ఆయాసం ఉన్నవారు మాత్రం నడిచి చూడకుండా నేరుగా డాక్టరు దగ్గరకే వెళ్లాలి. అంకెలు బాగానే ఉన్నా ఛాతీలో నొప్పి, పెదవులు నీలంగా మారడం, మాటల్లో తడబాటు కనిపిస్తే అంకెను నమ్మవద్దు.

ఇప్పుడు చాలామందికి ఎవరూ చెప్పని ఒక సంగతి. కరోనా వచ్చిందనగానే జింక్ మాత్ర, మల్టీవిటమిన్, కాల్షియం, కడుపులో మంటకు యాంటాసిడ్ అన్నీ ఒక్కసారిగా బల్ల మీదకు చేరతాయి. మీరు డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర వేసుకుంటున్నట్లయితే, అంటే ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్న టీఎల్‌డీ మాత్ర వేసుకుంటున్నట్లయితే, వీటిలోని లోహాలు కడుపులో దానికి అతుక్కుని రక్తంలోకి సరిగా వెళ్లనివ్వవు. మీరు మాత్ర మానలేదు, ఠంచనుగా వేసుకున్నారు, అయినా అది సరిగా పనిచేయకపోవచ్చు. దీనికి పరిష్కారం సులభం: ముందుగా డోలుటెగ్రావిర్ మాత్ర వేసుకుని రెండు గంటలు ఆగి జింక్, యాంటాసిడ్ వేసుకోండి, లేదా అవి ముందే వేసుకుని ఉంటే ఆరు గంటలు ఆగి డోలుటెగ్రావిర్ వేసుకోండి. కాల్షియం లేదా ఐరన్ మాత్రలను మాత్రం భోజనంతో పాటు అయితే డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకోవచ్చు. రిల్పివిరిన్ అనే ఏఆర్‌టీ మందు వాడేవారు ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు అసలు వాడకూడదు. అటాజనావిర్ అనే ఇంకో ఏఆర్‌టీ మందు వాడేవారు ఆ గ్యాస్ మాత్రలను డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

ఏడో పని: వైరస్‌ను అణిచే మందులు రాస్తే రెండు ప్రశ్నలు అడగండి

ఏఆర్‌టీ మందులతోనే కరోనా తగ్గుతుందన్న ఆశ 2020 మొదట్లో వైద్యుల్లో కూడా ఉండేది. లోపినావిర్, రిటోనావిర్ కలిసిన మందును బ్రిటన్‌లో రికవరీ అనే ప్రయోగంలోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ ప్రయోగంలోనూ పెద్ద ఎత్తున పరీక్షించి, ఆసుపత్రిలో చేరినవారికి దానితో ప్రయోజనం లేదని ఆ ఏడాదే తేల్చారు. కాబట్టి కరోనా కోసం మీ ఏఆర్‌టీ మార్చమని ఎవరినీ అడగవద్దు, వేరేవారి మాత్రలు తెచ్చి కలుపుకోవద్దు, మీ మాత్రలు ఇతరులకు పంచవద్దు.

కరోనా తీవ్రం కాకుండా ఆపగల మందుల్లో నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ కలిపి ఇచ్చేది ముఖ్యమైనది. లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెట్టి, రోజుకు రెండుసార్లు చొప్పున ఐదు రోజులు వేసుకోవాలి. మీ ఏఆర్‌టీలో ఇప్పటికే రిటోనావిర్ గాని కోబిసిస్టాట్ గాని ఉంటే దాన్ని ఆపనక్కరలేదు, తగ్గించనక్కరలేదు. రెండింటినీ యథాతథంగా కొనసాగిస్తారు. డోలుటెగ్రావిర్ ఉన్న టీఎల్‌డీ మాత్రను కూడా దీనితో పాటు అలాగే కొనసాగించవచ్చు.

చిక్కంతా మిగతా మందులతో వస్తుంది. రిటోనావిర్ కాలేయంలో చాలా మందులు విరిగిపోయే దారిని మూసేస్తుంది, అందుచేత అవి రక్తంలో ప్రమాదకరంగా పేరుకుపోతాయి. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, కొన్ని గుండె మందులు, రక్తం పలచబడే మందులు, కొన్ని నిద్రమాత్రలు ఈ కోవలోవి. కొన్నిటిని ఆ కొద్ది రోజులు ఆపుతారు, కొన్నిటి మోతాదు తగ్గిస్తారు. మరో పక్క క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్ ఈ కరోనా మందును పనిచేయకుండా చేస్తాయి, కాబట్టి అవి వాడేవారికి ఇది ఇవ్వకూడదు. వారికి వేరే మార్గం ఏదో డాక్టరు చూడాలి. అందుకని మందు చీటీ చేతిలో పడగానే రెండు ప్రశ్నలు అడగండి: "నా కాగితంలో ఉన్న మందులన్నిటితో ఇది పడుతుందా? నా కిడ్నీ పరీక్ష చూసి మోతాదు రాశారా?" కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి దీని మోతాదు తగ్గించాలి.

హెచ్‌ఐవీ ఉండి కూడా ఏఆర్‌టీ వాడనివారు ఆ సంగతి దాచి ఈ మందు వేసుకుంటే, ఇందులోని రిటోనావిర్ వల్ల హెచ్‌ఐవీ కొన్ని మందులకు లొంగకుండా తయారయ్యే అవకాశం ఉంది. ఇలాంటివారు కరోనా వైద్యంతో పాటే ఏఆర్‌టీ మొదలుపెట్టే విషయం మాట్లాడుకోవాలి. మోల్నుపిరావిర్ అనే ఇంకో మందును గర్భిణులు వాడకూడదు.

ఎనిమిదో పని: ఆసుపత్రిలో చేరవలసి వస్తే

కవరు తీసుకుని బయలుదేరండి. చేర్చుకునేటప్పుడు జబ్బుల గురించి అడిగితే హెచ్‌ఐవీ సంగతి చెప్పడానికి మనసు వెనకాడుతుందని తెలుసు. చుట్టూ మనుషులు ఉంటారు, అడిగేవారు గొంతు తగ్గించరు, వార్డులో తెలిసిన ముఖం కనిపించవచ్చు. అలాంటప్పుడు "నా మందుల వివరాలు ఇందులో ఉన్నాయి, డాక్టరు గారితో విడిగా మాట్లాడాలి" అని చెప్పి కాగితం చేతికివ్వండి. మీ వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. దాన్ని గట్టిగా అడగడంలో తప్పేమీ లేదు. చెప్పకుండా దాచితే మాత్రం మాత్రలు ఆగిపోతాయి, ఒకదానితో ఒకటి పడని మందులు ఎక్కిస్తారు, క్షయ పరీక్ష ఎవరికీ తోచదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగులకు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణం నిలబెట్టే మందు. రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున గరిష్ఠంగా 10 రోజులు ఇస్తారు. హెచ్‌ఐవీ ఉన్నవారికి కూడా ఇది ఇవ్వాలి. అయితే రిల్పివిరిన్ వాడుతున్నవారికి దీన్ని ఒక మోతాదుకు మించి ఇస్తే రక్తంలో రిల్పివిరిన్ పడిపోతుంది, కాబట్టి ఏఆర్‌టీని సర్దుబాటు చేయాలి. డాక్టరుకు మీ మాత్ర పేరే తెలియనప్పుడు ఆ సర్దుబాటు ఎలా జరుగుతుంది? అలాగే రిటోనావిర్ లేదా కోబిసిస్టాట్ వాడేవారు బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ ఉన్న ఇన్‌హేలర్లు పీలిస్తే ఆ స్టెరాయిడ్ ఒంట్లో పేరుకుని ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం వంటివి వస్తాయి. ఆక్సిజన్ అవసరం లేనివారు ఇంట్లోనే స్టెరాయిడ్ మాత్రలు కొనుక్కుని వేసుకోవడం ఎవరికైనా మంచిది కాదు, సీడీ4 తక్కువ ఉన్నవారికి మరీ ప్రమాదం. లోపల అణిగి ఉన్న క్షయ, శిలీంధ్రాల జబ్బులు పైకి లేస్తాయి.

రోజూ మాత్ర వేసుకునే వేళకు నర్సుకు గుర్తుచేయండి. వాంతులవుతున్నా, మింగలేకపోతున్నా డాక్టరుకు చెప్పండి. మాట్లాడలేని స్థితి వస్తే గొట్టం ద్వారా ఏఆర్‌టీ ఇవ్వడానికి వీలుందా అని అడిగే బాధ్యతను మీరు నమ్మిన మనిషికి ముందే అప్పగించండి.

తొమ్మిదో పని: ఎన్ని రోజులు విడిగా ఉండాలి

లక్షణాలు ఉన్నవారు పది రోజులు, లక్షణాలు లేకుండా పరీక్షలో మాత్రమే తేలినవారు ఐదు రోజులు విడిగా ఉండాలని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. సీడీ4 బాగా తక్కువ ఉన్నవారికి, వైరల్ లోడ్ అదుపులో లేనివారికి ఈ లెక్క సరిపోదు. వారి ఒంట్లో కరోనా వైరస్ వారాలు, కొన్నిసార్లు నెలల తరబడి ఉండిపోవచ్చు. దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీ బాగా ముదిరిన ఒక రోగి శరీరంలో కరోనా వైరస్ 216 రోజులు నిలిచి, అనేక మార్పులు చెందినట్లు 2021లో పరిశోధకులు వెల్లడించారు. ఏఆర్‌టీ మార్చి హెచ్‌ఐవీని అదుపులోకి తెచ్చాకే కరోనా కూడా వదిలింది. కాబట్టి ఇలాంటివారు కనీసం ఇరవై రోజులు మాస్కు తీయకుండా జాగ్రత్త పడటం, విడిగా ఉండటం ఎప్పుడు ఆపాలో పరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పాక నిర్ణయించుకోవడం మంచిది. దగ్గు, జ్వరం తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే దాన్ని నీరసం అనుకుని వదిలేయవద్దు.

పదో పని: తగ్గాక

కరోనా ఉన్నప్పుడు ఎవరికైనా రక్తంలో లింఫోసైట్లు (సీడీ4 కణాలు కూడా ఉండే తెల్లరక్తకణాల రకం) తగ్గుతాయి, అందుచేత ఆ రోజుల్లో చేసిన సీడీ4 పరీక్షలో అంకె హఠాత్తుగా పడిపోయి కనిపించవచ్చు. అది చూసి మందులు పనిచేయడం లేదని బెంబేలెత్తవద్దు. నివేదికలో సీడీ4 శాతం (లింఫోసైట్లలో సీడీ4 కణాల వాటా) కూడా ఉంటే దాన్ని చూడమని అడగండి. అది పెద్దగా మారదు. పూర్తిగా కోలుకున్న కొన్ని వారాల తర్వాత సీడీ4, వైరల్ లోడ్ రెండూ మళ్లీ చేయించుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. కరోనా రోజుల్లో మాత్రలు కొన్ని తప్పి ఉంటే ఎన్ని తప్పాయో దాచకుండా చెప్పండి. మీకు అక్షింతలు వేయడానికి కాదు, వైరల్ లోడ్ పరీక్ష ఎప్పుడు చేయాలో, మందు మార్చాలో లేదో దాన్ని బట్టే తేలుస్తారు.

మూడు నెలలు దాటినా ఆయాసం, అలసట, మతిమరుపు, గుండె దడ వదలకపోతే అవి కరోనా తర్వాత మిగిలే బాధలు కావచ్చు. అయితే ఆ పేరు పెట్టే ముందు క్షయ, రక్తహీనత, థైరాయిడ్ వంటివి లేవని తేల్చుకోవాలి. నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం, మాత్ర వేసుకోవాలని కూడా అనిపించకపోవడం ఉంటే కౌన్సెలర్‌తో మాట్లాడండి. దిగులు ముదిరితే మొదట తప్పేది మాత్రే.

ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లిన రోజున వాడేసిన మందులకు బదులు మళ్లీ నెల రోజుల అదనపు నిల్వ తెచ్చుకోండి. ఇంటికి వచ్చాక పాత కాగితం చింపేసి, కొత్త అంకెలతో, కొత్త తేదీతో ఇంకోటి రాసి, వారం మాత్రలతో కలిపి కవరును యథాస్థానంలో పెట్టండి.